దుబాసీ గారి ఆకుపచ్చ మొహం

1912 ఫిబ్రవరి 3, శనివారం

సెంగమలం ఇవాళ పొద్దున పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళనీ.

కారణం ఇక్కడ రాసిపెట్టుకోవడం మంచిది. రేపు నలుగురూ అడిగితే నా వైపు న్యాయం తడుముకోకుండా చెప్పాలి కదా. మా జడ్జి గారి అక్క మదాం వెర్నియే ఫ్రాన్సు నుంచి వచ్చి ఆయన బంగళాలోనే ఉంటోంది. తల నెరిసిన మనిషి, చుట్ట కాలుస్తుంది, బొమ్మలు వేస్తుంది. సముద్రం వేసింది, రేవు వంతెన వేసింది, ఇప్పుడు మనిషిని వెయ్యాలని బుద్ధి పుట్టిందట. కదలకుండా కూర్చునే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే జడ్జి గారు, "నా దుబాసీ లోకనాథన్ ఉన్నాడు, సాక్షి నోరు తెరిచేదాకా స్తంభంలా నిలబడతాడు" అన్నారట. కోర్టులో అంతమంది ఉండగా నా పేరే చెప్పారు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాను. సెంగమలం చేతిలో చెంబు కింద పెట్టింది.

"బొమ్మ గీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందంట. వద్దు" అంది.

"చదువులేని మాటలు మాట్లాడొద్దు" అన్నాను.

"తగ్గేది మీ ఆయుస్సు, పోయేది నా బొట్టు. నన్నడక్కుండా ఎట్ట ఒప్పుకుంటారు?"

దీనికి జవాబు ఉంది. ఆ సమయానికి తోచలేదు. అందుకని, దొరల ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టే గౌరవం మీ పుట్టింట్లో ఎవడికైనా దక్కిందా అన్నాను. అది కాస్త ఎక్కువైందేమో, కానీ అబద్ధం కాదు. బొమ్మ కావాలో తాను కావాలో తేల్చుకోమంది. నేను కోటు గుండీలు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆమె మూట కట్టుకుని, వీధిలో పోతున్న పుష్‌పుష్ బండిని పిలిచి ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడి "వెళ్ళు" అన్నాను. గట్టిగానే అన్నాను. బండివాడు వెనకనుంచి తోసుకుంటూ పోయాడు. ఆమె తిరిగి చూడలేదు.

వాళ్ళ ఊరు సారం ఏమంత దూరం. ఒక తాంబూలం నమిలేలోగా చేరుతుంది. వెళ్ళినావిడే రావాలి.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. కోర్టులో సాక్షుల మాటలు తిప్పి చెప్పేది ఫ్రెంచిలో, వీధిలో అరవం, ఇంట్లో తెలుగు, అదీ నోటి వరకే. మా తాత ఇసకలో వేలు పట్టి దిద్దించిన ఈ అక్షరాలు మా వీధిలో నాకొక్కడికే వచ్చు. ఇనప్పెట్టెకి తాళం వేసినట్టే.

ఫిబ్రవరి 4

ఇల్లు ప్రశాంతంగా ఉంది. అన్నం మాడింది. కుండ మంచిది కాదు.

ఫిబ్రవరి 6

ఇవాళ మొదటిసారి కూర్చున్నాను. బంగళా మేడ మీద వీధివైపు గది. గోడకు ఆనించి బొమ్మలు, బల్ల నిండా రంగులు, అంతా టర్పెంటైన్ వాసన. జరీ తలపాగా, వెండి గుండీల కోటు వేసుకుని వెళ్ళాను. కోర్టులో తీర్పు చదివేటప్పుడు పెట్టే మొహం పెట్టాను. చూసినవాడికి భయమూ గౌరవమూ రెండూ కలగాలి.

మదాం వెర్నియే నన్ను చాలాసేపు చూసి, "మామూలుగా ఉండండి, మొస్సియే" అంది.

ఇదే నా మామూలు అని చెప్పాను. ఆవిడ నిట్టూర్చి చుట్ట వెలిగించింది. నేను సాక్షుల మొహం చూసి నిజమెంతో అబద్ధమెంతో చెప్పగల మనిషిని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు నా కన్ను దాటి పోలేడు. నా మొహం మాత్రం ఎవరూ చదవలేరు. ఇరవై ఏళ్ళుగా చెక్కుకున్న మొహం ఇది.

బొమ్మ పూర్తయ్యేదాకా చూడకూడదట. గుడ్డ కప్పి ఉంచుతుంది.

ఫిబ్రవరి 8

కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కింది. కింద వీధిలో ఒక పుష్‌పుష్ ఆగింది. పోస్టాఫీసు దొర.

ఫిబ్రవరి 9

ఇల్లు ప్రశాంతంగా ఉంది. సాయంత్రం మా వీధిలో పుష్‌పుష్ ఆగింది. ఎదురింటికి. వాళ్ళకి ఎప్పుడూ చుట్టాలే.

ఫిబ్రవరి 11, ఆదివారం

పక్కింటి కనగం అవ్వ గిన్నెలో పులుసు తెచ్చింది. నాకు వండుకోవడం వచ్చని చెప్పినా వినదు. గిన్నె పెట్టి, అరుగు మీద కూర్చుని, నా మాడిన కుండ వైపు చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"నైనా, బొమ్మ గీయించుకుంటే నిజంగానే ఆయుస్సు తగ్గుతాది" అంది. "మా చిన్నాయన పటం తీయించుకున్నాడు, తీయించుకున్నాక పోయినాడు."

"ఎప్పుడు పోయాడు అవ్వా?"

"ఎనభై ఏండ్లకి. తీయించుకోకపోయింటే ఇంకా ఉండేవాడు."

పులుసు బాగుంది. సెంగమలం పులుసులో మెంతి కాస్త ముందు పడుతుంది, ఇందులో వెనక పడింది. ఇది ఊరికే రాశాను.

ఫిబ్రవరి 14

బజారులో బావ కనబడ్డాడు. బావ అంటే సెంగమలం అన్న అయ్యాసామి. గుడ్డల కొట్టు. ఏ గుడ్డ కనబడినా రెండు వేళ్ళతో నలిపి చూసే అలవాటు, నా కోటు అంచు కూడా నలుపుతూనే మాట్లాడాడు.

"మాప్పిళ్ళా, మా సెంగమలం సరిగా తినడంలేదు. ఏంది మీ సంగతి? ఒక నడ వచ్చి, ఇంక ఆ దొరసాని ఇంటికి పోను అని చెప్పితే సరిపోతుంది కదా."

"బొమ్మ పూర్తి కావస్తోంది బావా. అది గవర్నరు గారి హాల్లో పెడతారు. నన్ను రాజు మాదిరి వేస్తున్నారు. చూస్తే మీ చెల్లెలే ఒప్పుకుంటుంది."

గవర్నరు గారి హాలు అని ఎవరూ చెప్పలేదు. కానీ పెట్టకపోవడానికి కారణమూ లేదు.

"రాజు మాదిరా?" అన్నాడు బావ. "అట్టయితే సరి. అయినాక చూద్దాం. నేను చెప్తా దానికి."

బావ మంచి మనిషి. ఇక బొమ్మ అయితే చాలు. సెంగమలం దాన్ని చూస్తుంది, తన తప్పు తెలుసుకుంటుంది, వస్తుంది. నేను వెళ్ళనక్కరలేదు.

ఫిబ్రవరి 17

కూర్చున్నాను. ఇవాళ తలపాగా తీసేసి కూర్చోమంది. ఉక్కగా ఉంది కాబట్టి సరే అన్నాను. వంటింటి నుంచి తాలింపు వాసన వచ్చింది. ఏమీ ఆలోచించలేదు. మదాం గబగబా వేసింది.

తినడంలేదట.

ఫిబ్రవరి 20

గుడ్డ తీసింది.

ఫిబ్రవరి 21

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

మొహం ఆకుపచ్చ. సగం నుదురు, ముక్కు, కుడి చెంప, గడ్డం, అన్నీ లేత అరిటాకు రంగు. ఎడమ చెంప మాత్రం మండుతున్న ఎరుపు. కళ్ళు ఒకదానికంటే ఒకటి పెద్దవి, రెండూ బొమ్మలోంచి బయటికి, ఎటో పక్కకి చూస్తున్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నా నోరు ఎప్పుడూ తెరుచుకుని ఉండదు. తలపాగా లేదు. వెండి గుండీలు ఉన్నాయనుకున్న చోట నల్లటి గీతలు రెండున్నాయి. జుట్టు గాలికి లేచిన గడ్డివాములా ఉంది.

"ఇది మొదటి పూతా, మదాం?" అని అడిగాను. గోడకి సున్నం ముందు మట్టి పూస్తారు కదా.

"పూర్తయింది, మొస్సియే. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ వేయలేదు" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపింది. కళ్ళు చెమర్చాయి కూడా. పాపం, నేనేమనగలను? చాలా బాగుందన్నాను.

ఇది సెంగమలానికి చూపించగలనా? శవం రంగు అంటుంది. ఆయుస్సు అప్పుడే అయిపోయింది చూడండి అంటుంది. బావకి రాజు మాదిరి అని చెప్పాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఫిబ్రవరి 22

రొట్టె విరిగి నేతిలో పడింది.

మా కోర్టు బంట్రోతు వీరాసామి జడ్జి గారి కాగితాలు తీసుకుని బంగళాకి వెళ్ళి, మేడ మీద బొమ్మ చూశాడట. ఈ వీరాసామి ఎండాకాలంలో ఊళ్ళల్లో కూత్తు ఆడతాడు. తెల్లవారేదాకా సాగే ఆ వీధి భాగవతాల్లో దుర్యోధనుడి వేషం కట్టాలంటే చుట్టుపక్కల వీడే. మధ్యాహ్నం కోర్టు వసారాలో నన్ను చూసి చేతులు జోడించాడు.

"అయ్యా, మీకు పచ్చ వేషం ఇచ్చినారే."

"పచ్చ వేషమా?"

"కూత్తులో పచ్చమొహం ఎవరికి పూస్తారు? కృష్ణుడికి కదా. మా వాద్యారు, ఆట నేర్పిన గురువు, ఊరికే ఎవురికీ పూయడు. దొరసానికి మన వేషాలు ఎట్ట తెలుసో."

ఎంత తెలివితక్కువగా ఉన్నాను. అరిటాకు అనుకున్నాను, శవం అనుకున్నాను, కృష్ణుడు అనుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అంతా అర్థమవుతోంది. కళ్ళు పక్కకి చూడటం లీల. నోరు తెరుచుకోవడం గీతోపదేశం. బజారులో నలుగురికీ చెప్పమని వీరాసామికి నేనే చెప్పాను. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, చెప్పకపోయినా చెప్పేవాడే.

సాయంత్రం అన్నం మాడలేదు. కొంచెమే.

ఫిబ్రవరి 24

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

వీరాసామి చెప్పడం చెప్పాడు, మొత్తం చెప్పాడు. ఎడమ చెంప ఎరుపని కూడా చెప్పాడు. కూత్తులో ఎర్రమొహం దుర్యోధనుడిది, దుశ్శాసనుడిది. ఇప్పుడు బజారు రెండుగా చీలింది. పచ్చ అనేవాళ్ళు కొందరు, ఎరుపు అనేవాళ్ళు ఎక్కువమంది. నేను కూరగాయలు కొనడానికి వెళ్తే మాట ఆపేశారు. ఒకడు నా ఎడమ చెంప వైపే చూశాడు.

వీరాసామిని పట్టుకుని అడిగాను. "రెండింట్లో ఏది లెక్క?"

"అదే అయ్యా నాకూ తెలియడంలేదు. ఒకే మొహానికి రెండు రంగులు మా వాద్యారు కూడా పూయలేదు" అన్నాడు, నిజంగా బాధపడుతూ.

సారం నుంచి బావ కబురు. ఆడపిల్లని జుట్టు పట్టుకుని సభకి ఈడ్చినవాడి మొహం వేయించుకున్న మనిషి ఇంటికి మేం పిల్లని పంపేది లేదు, అని. నేను ఎవరి జుట్టూ పట్టుకోలేదు. నా జీవితంలో సెంగమలం జుట్టు పట్టుకున్నది ఒక్కసారి, పెళ్ళయిన కొత్తలో మల్లెపూలు పెట్టడం చాతకాక. ఆవిడ నవ్వింది.

ఫిబ్రవరి 26

మదాం దగ్గరికి వెళ్ళి, ఎడమ చెంప కూడా ఆకుపచ్చ చేయమని మర్యాదగా అడిగాను. కారణం చెప్పలేదు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ ఎరుపు లేకపోతే ఆ పచ్చకి అర్థం లేదంది. అర్థం ఏమిటని నేనడగలేదు. ఒకడి అర్థం కృష్ణుడు, ఒకడి అర్థం దుర్యోధనుడు, ఇంకోటి నాకెందుకు.

ఫిబ్రవరి 28

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 1

కనగం అవ్వ వచ్చింది. కుండ వైపు చూడలేదు, నన్నే చూసింది.

"నైనా, చూడకుండా తగువులాడేది ఏంది? ఎల్లుండి మాసి మగం పండగ. సారం నుంచి అందరూ సముద్రానికి వస్తారు. స్నానమయినాక అట్టనే ఆ దొరసాని ఇంటికి పోయి బొమ్మ చూద్దాం. పచ్చ ఎంతో ఎరుపు ఎంతో నలుగురి ఎదుట తేలిపోతుంది. నేను సెంగమలానికి కబురు పెట్టినా. సరే అనింది."

"సరే అందా?"

"వస్తానని అనలేదు. చూస్తానని అనింది."

మదాం చాలా సంతోషపడింది. ఊరివాళ్ళు తన బొమ్మ చూడటానికి వస్తున్నారనుకుంది. వస్తున్నది అందుకే కదా. నేను అబద్ధం చెప్పలేదు.

మార్చి 4, సోమవారం

ఇవాళ కోర్టుకి సెలవు పెట్టి నిన్నటి సంగతి రాస్తున్నాను. ఏమీ వదలకుండా రాయాలి.

మాసి మగానికి ఊళ్ళల్లోని దేవుళ్ళందరూ పల్లకీల మీద సముద్రానికి వచ్చారు. ఇసక కనబడనంత జనం. సెంగమలాన్ని దూరం నుంచే చూశాను. చిక్కింది. తడిజుట్టు ముడి వేసుకుని, నా వైపు చూడకుండా బావ వెనకాల నడిచింది. మేం అయిదుగురం, అవ్వ, బావ, సెంగమలం, వేషాలు తెలిసినవాడని వీరాసామి, నేను, తెల్లవాళ్ళ వీధుల్లోకి మళ్ళాం. నేనే ముందు నడిచాను. తలపాగా పెట్టుకున్నాను. నిన్న దాని అవసరం చాలా పడింది.

మదాం మేడ మీద బిస్కత్తులు, నిమ్మకాయ నీళ్ళు పెట్టింది. అవ్వ ఒక్కతే తీసుకుంది. అందరూ బొమ్మ ముందు నిలబడ్డారు. సెంగమలం అందరికంటే వెనక, తలుపు దగ్గర నిలబడింది.

"ఇదో, ఈ పక్క కృష్ణుడు. ఆ పక్క దుర్యోధనుడు" అని వీరాసామి విడమరిచాడు.

"సరి, యాది ఎక్కువ?" అని బావ ముందుకి వచ్చి, బొమ్మ మీద జానతో కొలవడం మొదలుపెట్టాడు. నుదుటి నుంచి గడ్డం దాకా పచ్చ, ఒక జాన. చెంప ఎరుపు, నాలుగు వేళ్ళు. అలవాటు కొద్దీ అంచు గుడ్డని రెండు వేళ్ళతో నలిపి, నాసిరకం అన్నట్టు పెదవి విరిచాడు.

"ఆయన ఏం చేస్తున్నారు?" అని మదాం నన్ను ఫ్రెంచిలో అడిగింది.

"బొమ్మని మెచ్చుకుంటున్నారు, మదాం. మా దేశంలో గొప్ప బొమ్మల్ని చేత్తో తాకి మెచ్చుకుంటారు."

"ఏమంటాంది ఆమె?" అన్నాడు బావ.

"మీ చేతులు పెద్దమనిషి చేతులంటోంది."

బావ ఇంకోసారి కొలిచాడు. పచ్చే ఎక్కువ అని ఒప్పుకున్నాడు. అంతా నా వైపు తిరిగేలా ఉంది. అప్పుడు అవ్వ బిస్కత్తు నములుతూ అడిగింది.

"కొలతలెందుకు నైనా. వేసిన మనిషి ఈడనే ఉండాది కదా. మొహానికి పచ్చ ఎందుకు పూసిందో, ఎరుపు ఎందుకు పూసిందో ఆమెనే అడుగు."

ఇన్ని రోజులూ ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదు. నాకు తోచింది, అడగలేదు. నిన్న అడగక తప్పలేదు. అడిగాను.

మదాం చుట్ట పక్కన పెట్టింది. నా మొహం చూస్తూ నిదానంగా, చాలాసేపు చెప్పింది. ఎంతసేపంటే అవ్వ బిస్కత్తు అయిపోయి ఇంకోటి తీసుకుంది. ఆవిడ చెప్తూంటే నా చెవులు వేడెక్కాయి. ఆవిడ ముగించింది. అందరూ నా వైపు చూశారు.

"ఆకుపచ్చ రంగు ఇంట్లో ఎక్కువగా మిగిలిపోయిందట" అన్నాను.

బావ తల ఊపాడు. కొట్టు నడిపేవాడికి సరుకు మిగిలిపోవడం అర్థమవుతుంది. వీరాసామి నిరాశపడ్డాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

తలుపు దగ్గరనుంచి సెంగమలం మాట్లాడింది. నెల తర్వాత నాతో ఆడిన మొదటి మాట.

"ఆమె అంతసేపు చెప్పింది. మీరు ఇంతే చెప్పినారు. మిగతాది యాడ?"

నేను గొంతు సవరించుకున్నాను.

"కోర్టులో కూడా ఇట్టనే చేస్తారా?" అంది.

ఇరవై ఏళ్ళుగా నేను కోర్టులో ఒక్క మాట మింగలేదు. హంతకుడు జడ్జి గారిని తిట్టిన తిట్లు కూడా ఆయన మొహం ముందే, ఒక్కటీ తగ్గించకుండా ఫ్రెంచిలో చెప్పినవాడిని. ఉన్నది ఉన్నట్టు చెప్తానని ప్రమాణం చేసినవాడిని. ఆ మాట సెంగమలానికి తెలుసు, అందుకే అక్కడ కొట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని, కోర్టులో నిలబడినట్టు నిలబడి, ఎదుటి గోడని చూస్తూ చెప్పాను.

"మదాం వెర్నియే గారు చెప్తున్నది ఏమంటే. ఈ మనిషి మొదటిరోజు వచ్చి గవర్నరులా కూర్చున్నాడు. అది మొహం కాదు, మూత. నేను వేయలేకపోయాను. కానీ కాసేపటికి తాను కూర్చున్న సంగతి మరిచిపోయేవాడు. కింద వీధిలో బండి చప్పుడైన ప్రతిసారీ తల అటు తిప్పేవాడు. అది ఆగకుండా పోతే ఈ ఆకుపచ్చ రంగు వచ్చేది మొహానికి. నేను చూశానని తెలిస్తే సిగ్గుపడి చెంప ఎర్రబడేది. నేను చర్మం రంగు వేయలేదు, లోపలి రంగు వేశాను. ఈ మనిషి ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడు. ఆ మాట ఇతనికే తెలియదు, లేకపోతే తెలిసీ ఒప్పుకోడు. ఎవరికోసమో నాకు తెలియదు, అడగలేదు. ఇంతే."

"ఇంతే" అన్నది మదాం అనలేదు. నేను కలిపాను. అంతకుమించి ఒక్క మాట కూడా కలపలేదు, ఒక్క మాట కూడా తీయలేదు.

బావ కిటికీ తెర గుడ్డ నలుపుతున్నాడు. సెంగమలం తలుపు దగ్గరనుంచి నడిచి వచ్చి బొమ్మ ముందు నిలబడింది. ఆ తెరిచిన నోటిని, పక్కకి తిరిగిన కళ్ళని చూసింది.

"ఆ పొద్దు గుమ్మంలో నిలబడి వెళ్ళు అన్నప్పుడు, ఇట్టనే ఉండినారా?"

"నాకేం తెలుసు. నా మొహం నాకు కనబడదు కదా" అన్నాను.

"నేనన్నా తిరిగి చూసుండాల. చూసుంటే బండి దిగేసేదాన్ని."

నా కళ్ళు నిండాయి. నలుగురి ముందు. తలపాగా సర్దుకునే నెపంతో తుడుచుకున్నాను. వీరాసామి చూశాడు, ఊరంతా చెప్తాడు. చెప్పనీ.

సెంగమలం ఏం చేస్తోందో ఎవరికీ తెలిసేలోగా తన కంటి కాటుక వేలితో తీసి, బొమ్మ ఎడమ చెంప మీద దిష్టిచుక్క పెట్టేసింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. చుక్క బొట్టంత అయింది, వేలికి ఎరుపంటుకుంది. మదాం కెవ్వుమంది. ఏం చేసిందీవిడ అని నన్నడిగింది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఊరంతా చూసి మాట్లాడుకున్నారు కదా, దిష్టి తగులుతుంది, ఆ చుక్క ఉంటే ఇక ఈ మనిషి ఆయుస్సుకి భయం లేదు, అని నా భార్య అంటోంది.

మదాం నా భార్యని, నన్ను, బొమ్మని మార్చి మార్చి చూసింది. అప్పుడు అర్థమైనట్టుంది ఆవిడకి, ఎవరికోసమో. నవ్వి, చుట్ట మళ్ళీ వెలిగించుకుంది. చుక్క చెరపలేదు.

"ఇంక యా వేషం, వీరాసామీ?" అని బావ అడిగాడు.

"దిష్టిచుక్క పెట్టినాక వేషం ఏంది అయ్యా. ఇంట్లో మనిషే" అన్నాడు వీరాసామి.

సెంగమలం పుష్‌పుష్‌లో ఇంటికి వచ్చింది. నేను పక్కన నడిచాను, అవ్వ ఎక్కి కూర్చుంది కాబట్టి నాకు చోటు లేదు. ఇంట్లో అడుగుపెడుతూనే కుండ చూసి, దాన్ని తీసుకుపోయి పెరట్లో బోర్లించింది. ఇప్పుడు ఆవిడ పులుసు పెడుతోంది. మెంతి ముందే పడింది.

మార్చి 9

ఇల్లు ప్రశాంతంగా లేదు. కనగం అవ్వ, ఎదురింటివాళ్ళు, వాళ్ళ చుట్టాలు, అందరూ వచ్చి సంగతి మొదటినుంచి చెప్పించుకుంటున్నారు. సెంగమలం మదాం వెర్నియే మాటలు నాకంటే బాగా చెప్తోంది. కొన్ని కలుపుతోంది కూడా.

మార్చి 16

బొమ్మ ఇవాళ ఓడెక్కింది. మదాం దాన్ని చెక్కపెట్టెలో పెట్టించి ఫ్రాన్సుకి పంపింది. రేవు వంతెన దాకా వెళ్ళి చూసి వచ్చాం.

"అంత దూరం పోతే మీ ఆయుస్సు తగ్గేది ఆడనా, ఈడనా?" అని సెంగమలం అడిగింది.

చుక్క పెట్టావు కదా, తగ్గదన్నాను. ఓడ కనుమరుగయ్యేదాకా కదలలేదు ఆవిడ. చదువులేని మాటలు అనబోయి ఊరుకున్నాను. నాకు కూడా ఆ చుక్క సముద్రపు గాలికి చెరిగిపోకూడదని ఉంది.

మార్చి 24, ఆదివారం

బావ కూతురికి చెవులు కుట్టే వేడుక. సెంగమలం పొద్దున మూట కట్టుకుంది. రెండు రోజులు ఉండి వస్తానంది. నాకు కోర్టు కాగితాలు చాలా ఉన్నాయి, తిరగేయాలి. ఒక్కణ్ణీ ఉంటాను, ఇప్పుడున్న కొత్త కుండ మంచిది. ఇదంతా ఆవిడకి చెప్పాను.

పుష్‌పుష్ వచ్చింది. ఆవిడ ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడి, "వెళ్ళు, నాకేం" అన్నాను. కోర్టు మొహం పెట్టాను. తీర్పు చదివే మొహం, ఇరవై ఏళ్ళ మొహం.

బండి కదిలింది. ఈసారి ఆవిడ తిరిగి చూసింది. ఆపమని బండివాడికి చెప్పింది.

"ఏంది?" అన్నాను.

"ఆకుపచ్చ" అంది. ఒక పక్కకి జరిగి కూర్చుని, "ఎక్కండి" అంది.

ఇది సారంలో, బావ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. తలపాగా కూడా చుట్టుకోకుండా వచ్చేశాను.